తాతల నాటి తుపాకీ, పిల్లల ఎయిర్ గన్: ఏది ఇంట్లో ఉంచుకోవచ్చు, ఎక్కడ దాచాలి?

అటక మీద దొరికిన టోపీ తుపాకీని (మందు నింపిన చిన్న లోహపు టోపీ పెట్టి పేల్చే పాత రకం), మొన్న కొన్న ఎయిర్ గన్‌ని ఒకే బీరువాలో పెట్టి తాళం వేసి, పని అయిపోయిందనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. తాళం మంచిదే. కానీ లైసెన్స్ లేకుండా ఉండకూడని తుపాకీని ఎంత గట్టి పెట్టెలో దాచినా అది అక్రమంగా దాచినట్టే అవుతుంది. అందుకే బీరువా సంగతి తరువాత. చట్టం దృష్టిలో ఆ వస్తువు ఏమిటో ముందు తేలాలి. ఎక్కడ పెట్టాలన్నది దాన్నిబట్టే ఉంటుంది.

మన దేశంలో దీనికి ఆధారం 1959 ఆయుధ చట్టం, 2016 ఆయుధ నియమాలు. చట్టం చెప్పే నిర్వచనం చాలా విశాలమైనది. పేలుడు మందు బలంతో గానీ, మరే రకమైన శక్తితో గానీ గుండును బయటికి పంపే ఏ ఆయుధమైనా తుపాకీయే. ఆ ‘మరే రకమైన శక్తి’లో గాలి కూడా ఉంది. కాబట్టి ఎయిర్ గన్ బొమ్మ కాదు, చట్టం తుపాకీగా గుర్తించి, ఒక హద్దు వరకు లైసెన్స్ నుంచి మినహాయించిన వస్తువు. మినహాయింపుకు హద్దు ఉంటుంది, హద్దు దాటితే మామూలు తుపాకీ కేసే.

పాతదైనంత మాత్రాన మినహాయింపు రాదు

వందేళ్లు దాటింది కాబట్టి పురావస్తువు, పురావస్తువుకు లైసెన్స్ అక్కర్లేదు అన్న మాట ఊళ్లలో గట్టిగా నాటుకుపోయింది. సగం నిజం. ఆయుధ చట్టం 45వ సెక్షన్ (సి) క్లాజు వాడుక పోయిన నమూనా ఆయుధాలను, పురాతన విలువ ఉన్నవాటిని, పాడైపోయినవాటిని చట్టం నుంచి మినహాయిస్తుంది. అయితే ఆ వాక్యం చివర ఒక ముక్క ఉంది: మరమ్మతు చేసినా, చేయకపోయినా తుపాకీగా పనికి రానిదై ఉండాలి. ఆ ముక్కను అన్నిటికీ వర్తింపజేసుకుని చదవడమే క్షేమం. తుప్పు పట్టి గుర్రం (పేల్చే సుత్తి) కదలకపోయినా, కమ్మరి దగ్గర ఒక పూట కూర్చుంటే బాగయ్యేదైతే, అది ‘మరమ్మతుతో పనికి వచ్చే’ తుపాకీయే.

2020 ఫిబ్రవరిలో నియమాలకు చేసిన సవరణ ‘క్యూరియో’ (వింతగా, అపురూపంగా దాచుకునే పాత వస్తువు) తరగతి చిన్న ఆయుధాలను భారతీయ పౌరులు లైసెన్స్ లేకుండా సంపాదించి ఉంచుకోవచ్చని చెప్పింది. ఉంచుకోవడం వరకే. వాడాలన్నా, వెంట తీసుకెళ్లాలన్నా, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తరలించాలన్నా లైసెన్స్ కావాలి. లైసెన్స్‌లో నమోదు లేనిదే దానికి తూటాలు అమ్మరు. మన ఇంట్లో ఉన్నది ఆ తరగతిలోకి వస్తుందని మనకు మనమే తీర్పు చెప్పుకుంటే లాభం లేదు. లైసెన్సింగ్ అధికారి నుంచి రాతపూర్వక జవాబు ఫైల్లో ఉండాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి కమిషనరేట్లలో పోలీస్ కమిషనర్, మామూలు జిల్లాల్లో కలెక్టర్ ఆ అధికారి.

ఇంకో చిక్కు తూటాల దగ్గర వస్తుంది. 45(సి) మినహాయింపు ఆయుధానికి. తూటాలను చట్టం విడిగా నిర్వచించింది. గోడకు వేలాడే పనికిరాని తుపాకీ పక్కనే తోలు పటకాలో నాలుగు పాత తూటాలు మిగిలిపోయి ఉంటే, అలంకారమన్న వాదన ఆ నాలుగింటికీ వర్తించదు. పాతకాలపు తుపాకి మందు డబ్బా, నిపుల్ (గొట్టం వెనక కొసన టోపీ తొడిగే చిన్న మొన) మీద పెట్టే టోపీల డబ్బా ఉన్నా ఇంతే. తుపాకీని ఉంచుకోవాలని నిర్ణయించుకున్నా, ఇవి మాత్రం ఇంట్లో ఉండకూడదు.

నాటు తుపాకీ సంగతి వేరు. నిన్నమొన్న ఎవరో పైపుతో చేసింది పాత నమూనాలో ఉన్నంత మాత్రాన పురావస్తువు కాదు. అడవి పందుల కోసమే అన్న వివరణ కూడా లైసెన్స్ కాదు. కర్ణాటకలోని కొడగు వాళ్లకు లైసెన్స్ అక్కర్లేదు కదా అంటారు కొందరు. అది అక్కడి కొడవ జాతివారికి, జమ్మా భూముల (వంశపారంపర్య భూముల) హక్కుదారులకు కేంద్రం ప్రత్యేకంగా ఇచ్చిన మినహాయింపు, 2029 అక్టోబరు వరకు పొడిగించారు. తెలుగు రాష్ట్రాల్లో ఎవరికీ దానితో సంబంధం లేదు.

లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంచుకుంటే ఆయుధ చట్టం 25(1బి) సెక్షన్ కింద శిక్ష 2019 సవరణ తరువాత రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల వరకు జైలు, జరిమానా అదనం. తాతగారి జ్ఞాపకం కోసం పెట్టుకోదగిన ప్రమాదం కాదిది.

ఎయిర్ గన్‌కు రెండు కొలతలు

లైసెన్స్ లేని ఎయిర్ గన్ రెండు పరీక్షలూ దాటాలి. గొట్టం లోపలి వ్యాసం 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు మించకూడదు. మూతి దగ్గర శక్తి 20 జౌల్స్, అంటే దాదాపు 15 ఫుట్ పౌండ్లు మించకూడదు. ఒక్కదాంట్లో తప్పినా లైసెన్స్ కావాలి. .22 ఎయిర్ రైఫిల్ ఎంత నెమ్మదిదైనా వ్యాసం 5.5 మిల్లీమీటర్లు కాబట్టి ఈ హద్దు బయటే. కొనేటప్పుడు .177, .22 మధ్య తేల్చుకోలేకపోతుంటే, లైసెన్స్ లేని ఇంటికి .177 తప్ప రెండో మాట లేదు. ఎప్పుడో కొన్న .22 ఇంట్లో ఉంటే పాత బిల్లే కాపాడుతుందని నమ్మి కూర్చోవద్దు. లైసెన్సింగ్ అధికారికి రాసి జవాబు తీసుకోవాలి, లేదా లైసెన్స్ ఉన్న డీలర్‌కు అప్పగించాలి.

శక్తి కొలత దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. డబ్బా మీద ‘సెకనుకు 1000 అడుగులు’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. వేగం ఒక్కదాంతో శక్తి తెలియదు, పెల్లెట్ (ఎయిర్ గన్ గుండు) బరువు కూడా కావాలి. లెక్క సులువే: పెల్లెట్ బరువు గ్రాముల్లో, వేగం సెకనుకు మీటర్లలో తీసుకుని, బరువును వేగంతో రెండుసార్లు గుణించి 2000తో భాగిస్తే జౌల్స్ వస్తాయి. 8 గ్రెయిన్ల సీసపు పెల్లెట్ బరువు 0.52 గ్రాములు. అది నిజంగా 1000 అడుగుల (305 మీటర్ల) వేగంతో వెళ్తే 24 జౌల్స్, హద్దు దాటినట్టే. అదే వేగం 5 గ్రెయిన్ల తేలికపాటి మిశ్రలోహపు పెల్లెట్‌తో వస్తే శక్తి దాదాపు 15 జౌల్సే. కంపెనీలు సాధారణంగా తేలిక పెల్లెట్‌తోనే పెద్ద అంకె వేస్తాయి. కాబట్టి డబ్బా మీద అంకె చూసి భయపడనక్కర్లేదు, ధీమా పడనూ వద్దు. బిల్లు మీద వ్యాసం, జౌల్స్ రెండూ రాయించుకోవాలి. 8 గ్రెయిన్ల పెల్లెట్‌తో సెకనుకు 900 అడుగులు వచ్చే తుపాకీ దాదాపు 19.5 జౌల్స్ దగ్గర, గీత అంచున ఉన్నట్టు. అలాంటిదానికి గట్టి స్ప్రింగ్ వేయించడం, గ్యాస్ పిస్టన్ మార్పించడం అంటే కూర్చున్న చోటే లైసెన్స్ అవసరమైన తుపాకీ తయారు చేసుకోవడం. పదిమీటర్ల పోటీల్లో వాడే రైఫిళ్లు 4.5 మిల్లీమీటర్లవే, వాటి శక్తి 20 జౌల్స్‌లో సగం కూడా ఉండదు. గురి నేర్చుకోవడానికి ఎక్కువ శక్తితో పనే లేదు.

హద్దులోపలి ఎయిర్ గన్‌ని ఇంట్లో ఫలానా పెట్టెలో పెట్టాలని ప్రత్యేక నియమం లేదు. దాన్ని చూసి తేలిగ్గా తీసుకోకూడదు. పక్కింటి పిల్లాడి కన్ను పోతే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ ఉంది: నిర్లక్ష్యంతో తీవ్ర గాయమైతే మూడేళ్ల వరకు జైలు. ప్రాణం పోతే 106వ సెక్షన్. మంచం కింద తెరిచి పెట్టామా, తాళం వేశామా అన్నది అక్కడ ప్రశ్న అవుతుంది. కోతుల బెడద ఉన్న ఊళ్లలో చాలామంది ఎయిర్ గన్‌ని వాకిట్లోనే చేతికందేలా పెట్టుకుంటున్నారు. చట్టపు రక్షణ ఉన్న జంతువును, పక్షిని కొడితే 1972 వన్యప్రాణి చట్టం వేరే కేసు. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో ఎయిర్ గన్‌లను స్వచ్ఛందంగా అప్పగించే ఉద్యమమే నడిచింది, వాటితో పక్షులు ఎంతగా తరిగిపోయాయో చూసి.

వారసత్వంగా వచ్చిన తుపాకీకి ఉన్న దారులు

లైసెన్స్ ఉన్న పెద్దాయన పోయారు, తుపాకీ ఇంట్లో ఉండిపోయింది. ఆయనతోపాటే లైసెన్స్ కూడా ఆగిపోయినట్టు. ఆయుధ చట్టం 21వ సెక్షన్ ప్రకారం చట్టబద్ధ వారసులు అనవసర ఆలస్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ దాన్ని డిపాజిట్ చేయాలి. కర్మకాండలు, భాగాలు అన్నీ అయ్యాక చూద్దాం అనుకుంటే ఏడాది గడిచిపోతుంది. ఆ ఏడాదంతా ఇంట్లో లైసెన్స్ లేని తుపాకీ ఉన్నట్టే లెక్క.

దేన్ని ఎంచుకోవాలన్నా మొదటి పని ఒకటే, అది లోడ్ అయి ఉందేమో చూడటం. ముందు నుంచి మందు కూరే తుపాకీల్లో దశాబ్దాల నాటి మందు, గుండు అలాగే ఉండిపోయిన సందర్భాలు అరుదేమీ కావు. పొడిగా ఉన్న తుపాకి మందు ఎన్నేళ్లయినా చావదు. మూతిని మనుషుల వైపు కాకుండా ఉంచి, గుర్రం జోలికి పోకుండా, సన్నటి చెక్క పుల్లను గొట్టంలోకి నెమ్మదిగా ఆగేదాకా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టాలి. అదే పుల్లను గొట్టం బయట ఆనించి చూస్తే, కొస నిపుల్ దాకా రావాలి. మూడు నాలుగు వేళ్ల ఎడం ముందే ఆగిపోతే లోపల ఏదో ఉన్నట్టే. అది మందే కావచ్చు, కందిరీగ గూడు కావచ్చు. తేల్చే పని మీది కాదు. ఇనుప చువ్వతో పొడవడం, డ్రిల్ పెట్టడం, పొయ్యి దగ్గర ఎండబెట్టడం మూడూ ప్రాణాల మీదికి తెచ్చేవే. స్టేషన్‌కు కబురు చేసి, అనుమానం ఉందని ముందే చెప్పాలి.

డిపాజిట్‌కు మీరే భుజాన వేసుకుని బయలుదేరకండి. ముందు స్టేషన్‌కు ఒక ఉత్తరం ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. వాళ్లే వచ్చి తీసుకుంటారా, తెమ్మంటారా అన్నది వాళ్లు చెప్పినట్టు చేయండి. అటక మీద అసలు కాగితమే లేని తుపాకీ దొరికినా ఇదే పద్ధతి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి సమక్షంలో దొరికిందో ఆ ఉత్తరంలో ఉండాలి. రసీదులో తయారీ పేరు, నంబరు, గొట్టాల సంఖ్య, బోరు (గొట్టం లోపలి వ్యాసం), తుప్పు, పగుళ్లు, తూటాల లెక్క విడివిడిగా రాయించాలి. ‘ఒక పాత తుపాకీ’ అని రాసిన రసీదుతో మూడేళ్ల తరువాత మీ తుపాకీనే తిరిగి పొందడం కష్టం.

ఆ తరువాతే దారులు విడిపోతాయి.

వాడుకునే ఉద్దేశం ఉండి, ఇంట్లో ఒకరి పేరు మీద లైసెన్స్ తీసుకోగలిగితే వారసుల లైసెన్స్ దారి ఉంది. లైసెన్స్‌దారు బతికుండగానే, 70 ఏళ్లు నిండినా, 25 ఏళ్లుగా ఆయుధం ఆయన దగ్గరే ఉన్నా వారసుడికి బదిలీ చేయమని కోరవచ్చు. పెద్దాయన ఉన్నప్పుడు చేసుకున్నదే సుఖం. ఆయన పోయాకైతే మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న పత్రాలు కావాలి. అన్నదమ్ముల మధ్య పొలం తగాదా ఉంటే తుపాకీ ఫైలు కూడా అక్కడే ఆగుతుంది. 2019 సవరణతో ఒక మనిషికి గరిష్ఠంగా రెండే తుపాకులు, వారసత్వంగా వచ్చినా ఆ లెక్క మారదు. ఇప్పటికే రెండున్నవాళ్లు మూడోదాన్ని తీసుకోలేరు. లైసెన్స్ ఐదేళ్లకు ఇస్తారు, జాతీయ డేటాబేస్ ప్రత్యేక సంఖ్య దాని మీద ఉండాలి. నిక్షేపంగా దాచుకుంటానన్న హామీపత్రం దరఖాస్తుతోనే ఇస్తారు. అది కాగితం లాంఛనం కాదు. లైసెన్స్ షరతు తప్పితే 30వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు వేల వరకు జరిమానా, లేదా రెండూ. అంతకన్నా పెద్ద దెబ్బ లైసెన్స్ పోవడం.

వాడే ఉద్దేశం లేదు, జ్ఞాపకంగా మాత్రమే కావాలి అన్నవాళ్లు 45(సి) వైపు చూస్తారు. ఇది పని చేయాలంటే వస్తువు నిజంగా పనికిరానిదై ఉండాలి, ఆ సంగతి కాగితం మీద ఉండాలి. మనమే పనికిరాకుండా చేసేద్దామని గొట్టం కోయించడం పెద్ద పొరపాటు. లైసెన్స్ లేకుండా గొట్టం పొట్టి చేయడం 6వ సెక్షన్ కింద నేరం. తుప్పు వదలగొట్టే ఉత్సాహంలో ఎమెరీ పేపర్‌తో రుద్ది తయారీ ముద్రలు, నంబర్లు చెరిపేస్తే 8వ సెక్షన్ అడ్డం వస్తుంది. పైగా ఆ ముద్రలే దాని విలువ. ముద్ర పోయిన తుపాకీ పాతదని ఏ నిపుణుడూ గట్టిగా చెప్పలేడు.

రెండూ కుదరకపోతే లైసెన్స్ ఉన్నవారికో, డీలర్‌కో అమ్మడం, లేదా చరిత్ర విలువ ఉంటే ప్రభుత్వ పురావస్తు శాఖ ద్వారా ప్రదర్శనశాలకు ఇవ్వడం. డిపాజిట్ చేసినదాన్ని నియమిత గడువులోగా తిరిగి తీసుకోవడానికీ, అమ్ముకోవడానికీ 21వ సెక్షన్ హక్కు ఇస్తుంది. గడువు దాటితే జిల్లా మేజిస్ట్రేట్ ఉత్తర్వుతో ప్రభుత్వపరం అవుతుంది. పిల్లలంతా అమెరికాలోనో, బెంగళూరులోనో స్థిరపడి, ఇంట్లో పెద్దావిడ ఒక్కరే ఉన్న కుటుంబాలకు మా సలహా మొహమాటం లేకుండా ఇదే: అమ్మేయండి, ఫొటో ఉంచుకోండి.

ఎక్కడ దాచాలి: గోడ, బీరువా, క్యాబినెట్, డీలర్

హాల్లో గోడకు వేలాడదీయడం పనికిరాదని కాగితం ఉన్నదానికే. దానికైనా చేతికందని ఎత్తులో, గోడకు బిగించిన గాజు పెట్టెలో, లేదా గొట్టాన్నీ కర్రనూ పట్టుకునే రెండు ఉక్కు పట్టీలతో ఉండాలి. మేకుకు తాడుతో వేలాడే తుపాకీని పండగ రోజు వచ్చిన ఎవరైనా తీసి ఫొటో దిగుతారు, ఆ ఫొటో సోషల్ మీడియాలోకి వెళ్తుంది, రెండు రోజుల్లో స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది. పనిచేసే ఎయిర్ గన్‌కీ, లైసెన్స్ తుపాకీకీ గోడ అసలు ఎంపికే కాదు.

మామూలు స్టీల్ బీరువా అందరి ఇళ్లలో ఉన్నదే కాబట్టి మొదట గుర్తొస్తుంది. హద్దులోపలి ఎయిర్ గన్‌కు సరిపోతుంది, రెండు లోపాలు సరిదిద్దుకుంటే. మొదటిది పొడవు: ఎయిర్ రైఫిల్ మూడున్నర అడుగుల పైమాటే, ముందు నుంచి మందు కూరే పాత తుపాకీ అయితే నాలుగున్నర, ఐదడుగులు. లోపలి లాకర్‌లో పట్టదు. చీరలు వేలాడే పొడవు అర ఖాళీ చేయాలి. రెండోది, ఆ బీరువా రోజుకు పదిసార్లు తెరుచుకుంటుంది, తాళంచెవి దానికే వేలాడుతుంటుంది. కాబట్టి బీరువాలో పెట్టినా విడిగా కేబుల్ లాక్ తప్పనిసరి. రేకు కూడా పలుచన, సాధారణంగా ఒక మిల్లీమీటరు లోపే. పెద్ద స్క్రూడ్రైవర్‌తో తలుపు మూల వంగుతుంది. పిల్లలను ఆపుతుంది గానీ దొంగను ఆపదు.

లైసెన్స్ తుపాకీకి గోడకు బిగించే గన్ క్యాబినెట్ మేలు. కొలమానం కావాలంటే బ్రిటన్ ప్రమాణం బీఎస్ 7558 చూసుకోవచ్చు, అందులో రేకు మందం 2 మిల్లీమీటర్లు. స్థానిక ఫ్యాబ్రికేటర్ చేత చేయించుకున్నా ఆ మందమే అడగండి. కీళ్లు లోపలివైపు ఉండాలి, లేదా కీలు కోసినా తలుపు ఊడిరాకుండా లోపల కడ్డీ ఉండాలి. రెండు తాళాలు, పైనొకటి కిందొకటి. తూటాలకు విడిగా తాళమున్న చిన్న అర. వెనక రేకులో నాలుగు బోల్టు రంధ్రాలు. క్యాబినెట్ బాగుండి బిగింపు చెడేది మన అపార్ట్‌మెంట్లలోనే. ఇప్పుడు కడుతున్న చాలా ఫ్లాట్లలో గోడలు తేలికపాటి ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే కాంక్రీటు ఇటుకలు). వాటిలో మామూలు విస్తరణ బోల్టు బిగిస్తే బ్లాకు పిండిలా రాలి, నాలుగు రోజుల్లో వదులైపోతుంది. కాంక్రీటు కాలమ్‌కో, బీమ్‌కో 10 మిల్లీమీటర్ల బోల్టులతో బిగించాలి. బ్లాకు గోడ తప్ప గతిలేకపోతే కెమికల్ యాంకర్ (రంధ్రంలో రసాయన జిగురుతో అతికించే బోల్టు) వాడాలి, లేదా అడుగున స్లాబుకు బిగించాలి. అయితే నేల బోల్టు టైల్ మీద ఆగకుండా కాంక్రీటులోకి దిగాలి, కింద నీళ్ల పైపు లేదని చూసుకోవాలి. బాత్రూమ్ గోడకు, వంటింటి గోడకు ఆనించవద్దు, చెమ్మ.

ట్రిగ్గర్ లాక్, కేబుల్ లాక్‌ల మధ్య ఒకటే కొనగలిగితే కేబుల్ లాక్ కొనండి. ట్రిగ్గర్ లాక్ తుపాకీని తీసుకుపోకుండా ఆపలేదు. ట్రిగ్గర్ చుట్టూ కవచం వదులుగా ఉన్న పాత తుపాకీల్లో లాక్ కదిలి ట్రిగ్గర్‌నే నొక్కే ప్రమాదం ఉంది. కాక్ చేసి (గుర్రాన్నో స్ప్రింగ్‌నో వెనక్కి లాగి పేల్చడానికి సిద్ధం చేసి) ఉన్నదానికి, లోడ్ చేసి ఉన్నదానికి ట్రిగ్గర్ లాక్ వేయనే కూడదు. గొట్టాన్ని మధ్యలో విరిచినట్టు వంచి కాక్ చేసే ఎయిర్ రైఫిల్‌కైతే కేబుల్‌ను ట్రిగ్గర్ కవచంలోంచి దూర్చి, క్యాబినెట్ లోపలి కడ్డీకి కట్టేస్తే రెండు పనులూ అవుతాయి.

తాళంచెవులు దేవుడి గదిలో, బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు ఇంటిల్లిపాదికీ తెలిసిన రహస్యం. వేసవి సెలవుల్లో చుట్టాల పిల్లలు దిగితే గంటలో దొరుకుతాయి. నంబరు తాళమైతే ఎవరి పుట్టినరోజూ కాని సంఖ్య పెట్టండి. లైసెన్స్ తుపాకీ విషయంలో తాళంచెవి లైసెన్స్‌దారు దగ్గరే ఉండాలి. ఆయన ఆరు నెలలు కొడుకు దగ్గరికి విదేశం వెళ్తే, చెవి చేతికొచ్చిన భార్య దగ్గర లైసెన్స్ లేని తుపాకీ ఉన్నట్టు అవుతుంది. ఇలాంటి చోట డీలర్ దగ్గర భద్రపరచడమే సరైన ఎంపిక. అద్దె కొంత అవుతుంది, ఇంట్లో దొంగతనం భయం పోతుంది, రసీదు ఉంటుంది. ఎన్నికలప్పుడో, మరణం తరువాతో పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయాల్సి రావచ్చు. కానీ అక్కడ నూనె రాసి తుడిచేవాళ్లు ఉండరు, వానాకాలం దాటేసరికి గొట్టం ఎర్రబడుతుంది. ఎంచుకునే వీలుంటే డీలర్. వయసు మీదపడ్డ లైసెన్స్‌దారు రెన్యువల్‌కు రాలేకపోతే, కొడుకు తుపాకీని తీసుకెళ్లవచ్చు, 3వ సెక్షన్ అందుకు వీలిస్తుంది. అయితే తండ్రి సంతకంతో రాసిన అధికార పత్రం జేబులో ఉండాలి.

తాళం లోపల ఏం పాడవుతుంది

కాకినాడ, విశాఖ లాంటి తీరంలో అసలు శత్రువు ఉప్పుగాలి. అందంగా కుట్టిన తోలు ఒరలో తుపాకీని నెలల తరబడి ఉంచకూడదు. తోలు చెమ్మను పట్టుకుంటుంది, తోలును పదును చేయడానికి వాడిన లవణాలు లోహాన్ని తింటాయి. క్యాబినెట్‌లో సిలికా జెల్ సంచి, ఐదారు వందల రూపాయల్లో దొరికే తేమ కొలిచే మీటరు పెట్టండి. తేమ 50 శాతం దగ్గర ఉంటే బాగు. మరీ ఎండగడితే పాత కర్ర పగులుతుంది. కొబ్బరినూనె, ఆవనూనె వద్దు, అవి గట్టిపడి జిగురై యంత్రాన్ని పట్టేస్తాయి. పలచని గన్ ఆయిల్ గుడ్డతో తుడిస్తే చాలు.

ఎయిర్ గన్ గాలి గదిలో మామూలు నూనె వేస్తే, గాలి నొక్కుకున్నప్పుడు ఆ వేడికి నూనె ఆవిరి అంటుకుని పేలుతుంది. సీల్ చెడుతుంది, ఆ దెబ్బకు శక్తి హద్దు కూడా దాటవచ్చు. సిలికోన్ నూనె ఒకటి రెండు చుక్కలే. స్ప్రింగ్ తుపాకీని కాక్ చేసి దాచకూడదు. కార్బన్ డయాక్సైడ్ సీసా ఉన్న పిస్టల్ నుంచి సీసా తీసి విడిగా ఉంచాలి, మే నెల ఎండలో కారు డిక్కీలో అసలు వదలకూడదు. ముందే గాలి నింపుకునే రకం రైఫిల్‌లో కొంత ఒత్తిడి మిగిల్చి ఉంచితే సీళ్లు కూర్చుని ఉంటాయి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు

ఇంగ్లండ్‌లో 12 ఫుట్ పౌండ్ల లోపు ఎయిర్ రైఫిల్‌కు, 6 లోపు పిస్టల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. దాచడం విషయంలో మాత్రం మన చట్టం కన్నా స్పష్టంగా ఉంటుంది: 18 ఏళ్ల లోపువారి చేతికి చిక్కకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే 2011 నుంచి అదే ఒక నేరం. సరిహద్దు దాటి స్కాట్లాండ్‌లో ఉద్యోగానికి మారితే లెక్క తలకిందులవుతుంది. 2016 డిసెంబరు 31 నుంచి అక్కడ ఒక జౌల్ దాటిన ఎయిర్ గన్‌కు సర్టిఫికెట్ ఉండాలి. పురాతన తుపాకీలకు 2021 నిబంధనల ప్రకారం 1939 సెప్టెంబరు 1కి ముందు తయారై, జాబితాలోని పాత రకం పేల్చే పద్ధతి గానీ, వాడుక పోయిన తూటా గానీ ఉండి, అలంకారంగానో వింత వస్తువుగానో ఉంచుకుంటేనే మినహాయింపు. ఒక్కసారి పేలిస్తే అలంకారమన్న మాట చెల్లదు.

అమెరికాలో ఫెడరల్ చట్టానికి 1898, అంతకు ముందు తయారైనదే పురాతన తుపాకీ. కానీ రాష్ట్రం మారితే చట్టం మారుతుంది. తెలుగువాళ్లు బాగా ఉన్న న్యూజెర్సీలో ఎయిర్ గన్ కూడా తుపాకీయే, కొనడానికి కార్డు కావాలి. టెక్సాస్ మిత్రుడు ఆన్‌లైన్‌లో కొన్నట్టు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో కొనడం కుదరదు.

ఇక ఇక్కడి నుంచి తాతగారి తుపాకీనో, కత్తినో అక్కడి డ్రాయింగ్ రూమ్‌కి తీసుకెళ్దామనుకునేవాళ్లకు ఆయుధ చట్టంతోపాటు ఇంకో గోడ ఉంది. వందేళ్లు నిండిన వస్తువు 1972 పురావస్తు చట్టం ప్రకారం పురావస్తువు, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. వయసు మీద సందేహం ఉంటే ప్రయాణానికి ముందే భారత పురావస్తు సర్వేక్షణ సంస్థకు వస్తువు చూపించి, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోవాలి. అది రాకపోతే సూట్‌కేసులో పెట్టవద్దు.